ఇల్లు కట్టే ముందు బావి వైపు చూడండి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఏళ్ల తరబడి వదిలేసిన తోటను సాపు చేయించి ఇల్లు కట్టేవారికైతే, ఆ సాపు చేయించడమే ఓ పెళ్లంత పని.

హైదరాబాద్ పాతబస్తీలో అలాంటి జాగాలు ఇప్పటికీ ఉన్నాయి. పాత ఇంటి వెనక పెరడు, ఓ వేప, ఓ చింత, మూలన చేదబావి. వారసుల పంపకాలు తేలేదాకా అక్కడ సర్కారు తుమ్మదీ, వయ్యారిభామదీ రాజ్యం. తేలగానే పొక్లెయిన్ వస్తుంది. ఒక్క పూటలో చెట్లు నేలకూలతాయి, పాత గోడల రాళ్లన్నీ బావిలో పడతాయి. పని అయిపోయిందనుకుంటాం. అసలు తప్పు అక్కడే జరుగుతోంది.

బీడును సాగులోకి తెచ్చే రైతు ముందు నీళ్లు ఎటు పారతాయో చూస్తాడు. పై మట్టిని పోగొట్టుకోడు. ఇంటి జాగాకూ అదే లెక్క.

సర్కారు తుమ్మను పైపైన నరికితే మళ్లీ చిగురిస్తుంది. తొలకరికి నేల మెత్తబడ్డాక మొదలంటా తవ్వించండి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకించండి. అది తగిలితే ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి గనుక కూలీలకు చేతి తొడుగులివ్వండి. పునాది కింద మొద్దులు వదిలేస్తే చెదలను మనమే పిలిచినట్టు. పై జానెడు మట్టిని ఓ పక్కన కుప్ప పోయించండి, రేపు పెరటి మొక్కలకు పనికొస్తుంది. పెద్ద చెట్టు కొట్టాల్సి వస్తే 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ముందే అనుమతి అడగండి.

ఇక బావి. పూడ్చిన చోట మట్టి ఏళ్ల పాటు కుంగుతూనే ఉంటుంది. దానిమీద గది కడితే గోడలు బీటలిస్తాయి. అందుకే బావిని వదిలి ప్లాను గీయించుకోండి. పూడిక తీయించి, పైన ఇనుప జాలీ వేయించండి. పాత బావిలో విషవాయువు ఉండొచ్చు, అనుభవం లేనివారిని దించొద్దు. మేడ మీది వాన నీటిని ఇసుక, కంకరలో వడగట్టి అందులోకి వదలండి. మురుగు మాత్రం చేరనీయొద్దు.

"ఇంత చిన్న జాగాతో ఏమవుతుంది?" అనకండి. 2020 అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. ఒక్క బావి వరదను ఆపదు, నిజమే. కానీ మీ జాగాలో ఇంకిన నీరు అంతమేరకు వీధిలోకి రాదు కదా! ఇంటింటా బావి పూడ్చి, నేలంతా సిమెంటు చేస్తే ఆ వాన ఎక్కడికి పోవాలి?

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో, ఓ చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. మీ పెరట్లో చింత మీద గొడ్డలి పడేముందు, బావిలో తొలి రాయి పడేముందు, ఆ సంగతి ఒక్కసారి తలుచుకోండి.