గరాజ్ స్ప్రింగు విరిగితే బిల్లెంత?

పోయిన నెలలో గుంటూరు నుంచి ఒకావిడ ఉత్తరం రాశారు. అమ్మాయి పురిటికని టెక్సాస్ వచ్చి, ఆరు నెలలుండి వెళ్ళారట. అల్లుడు ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళాడు. ఇంట్లో బాలింత, పన్నెండు రోజుల పసిగుడ్డు, ఈవిడ. పొద్దున్నే గరాజ్‌లో లక్ష్మీబాంబు పేలినట్టు పెద్ద చప్పుడు! భయపడుతూ వెళ్ళి చూస్తే సామాన్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ తలుపు మాత్రం తెరుచుకోదు. కారు లోపల ఉండిపోయింది. ఆ మధ్యాహ్నమే బిడ్డని డాక్టరుకి చూపించాలి.

అమ్మాయి ఫోనులో వెతికి, ముందు కనబడ్డ నెంబరుకి చేసింది. వచ్చినతను అటూ ఇటూ చూసి, స్ప్రింగులతో పాటు కేబుళ్ళు, రోలర్లు, డ్రమ్ములు అన్నీ మార్చాలన్నాడు. 890 డాలర్లు కట్టించుకుని వెళ్ళాడు. అల్లుడు తిరిగొచ్చి బిల్లు చూసి, "నన్నొక్క మాట అడగక్కర్లేదా?" అని విసుక్కున్నాడట. పచ్చి బాలింత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నిజంగా అంత అవుతుందా అమ్మా? మా పిల్ల చేసింది తప్పేనా?" అని ఆవిడ ప్రశ్న.

డాలస్ దగ్గర ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్న నాకు ఈ స్ప్రింగు బిల్లు బాగా పరిచయమే. మన పాఠకురాళ్ళలో పిల్లల ఇళ్ళకి వచ్చిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇక్కడే కాపురం ఉంటూ ఈ పేజీ చదివేవాళ్ళూ ఉన్నారు. అందుకని ఈ వారం ఇదే చెప్పుకుందాం.

అసలీ స్ప్రింగు చేసే పనేమిటి?

ఇక్కడ గరాజ్ తలుపంటే మన ఇంటి గేటులాంటిది కాదండీ. రెండు కార్లు పట్టే గరాజ్‌కి 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉన్న తలుపు ఉంటుంది. రేకు తలుపే అయినా బరువు నూరు కిలోలకి అటూ ఇటూగా ఉంటుంది. చెక్కదైతే ఇంకా ఎక్కువ. బటన్ నొక్కగానే అది పైకి పోతుంటే, మోటారే ఎత్తేస్తోందనుకుంటాం. నిజానికి బరువంతా మోసేది స్ప్రింగు. మోటారు దానికి చెయ్యందిస్తుంది, అంతే.

తలుపు పైన గోడకి అడ్డంగా ఒక ఇనప కడ్డీ ఉంటుంది. దానికి చుట్టుకుని లావుపాటి స్ప్రింగులు, సాధారణంగా రెండు, ఉంటాయి. కడ్డీ రెండు చివర్లా డ్రమ్ములు, వాటి నుంచి తలుపు అడుగు మూలల దాకా ఇనప తీగల కేబుళ్ళు. తలుపు కిందికి దిగినప్పుడు స్ప్రింగు బిగుసుకుంటుంది. పైకి లేచేటప్పుడు విప్పుకుంటూ తలుపుని లాగుతుంది. మన ఊళ్ళో బట్టల కొట్టు షట్టర్ని కుర్రాడు ఒక్క చేత్తో పైకి నెట్టేస్తాడు చూశారా? ఆ షట్టర్ చుట్టలో కూడా ఇలాంటి స్ప్రింగులే ఉంటాయి. అవి పోయాయంటే ఇద్దరు పట్టినా షట్టర్ లేవదు.

ఎందుకు విరుగుతుంది?

విరిగిందంటే ఎవరో ఏదో చేశారని కాదు. దానికి ఆయుర్దాయం ఉంది. మామూలు స్ప్రింగు 10,000 సార్లు పనిచేసేలా తయారుచేస్తారు. తలుపు ఒకసారి తెరిచి మూస్తే ఒకసారి కింద లెక్క. మా ఇంటి లెక్క చూడండి. మావారు ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. నేను పిల్లల బడికీ కూరలకీ వెళ్ళొస్తే ఇంకో రెండు. రోజుకి నాలుగు. ఏడాదికి 1,460. అంటే ఏడేళ్ళు తిరిగేసరికి పదివేలు దాటిపోతుంది. రోజుకి ఆరుసార్లు వాడే ఇంట్లో నాలుగున్నర ఏళ్ళకే అయిపోతుంది. కొత్త ఇల్లు కొనుక్కుని ఆరేడేళ్ళయిందంటే, ఈ ఖర్చు గుమ్మం దగ్గర నిలబడి ఉందనుకోవాలి.

తలుపు మూసి ఉన్నప్పుడే స్ప్రింగు ఎక్కువ బిగుతుగా ఉంటుంది. అందుకే విరిగేది చాలావరకు అప్పుడే. చలికాలం పొద్దున్నపూట ఎక్కువ విరుగుతాయని పనివాళ్ళంటారు. చప్పుడు వినకపోయినా, పైకి చూస్తే స్ప్రింగు చుట్టల మధ్య రెండంగుళాల ఖాళీ కనిపిస్తుంది. బటన్ నొక్కితే తలుపు నాలుగంగుళాలు లేచి ఆగిపోతుంది.

బిల్లులో ఏముంటుంది?

మా ఇంట్లో 2022 జనవరిలో విరిగింది. రెండు స్ప్రింగులూ మార్చి, కేబుళ్ళు సరిచూసి, నూనె పెట్టి వెళ్ళినందుకు 340 డాలర్లు తీసుకున్నారు. ఇవాళ్టి లెక్కలో ఇంచుమించు ముప్ఫై వేల రూపాయలు. అందులో స్ప్రింగుల జతకి 150, మిగతాది కూలీ. మొత్తం పని గంటలో అయిపోయింది. మా చుట్టుపక్కల స్నేహితురాళ్ళ ఇళ్ళలో రెండు స్ప్రింగులకీ కలిపి 250 నుంచి 450 డాలర్ల లోపే అయింది. పెద్ద ఊళ్ళలో, ఆదివారాలు, రాత్రిపూట పిలిస్తే ఇంకొంచెం ఎక్కువ అడుగుతారు.

"ఒకటే కదా విరిగింది, రెండోది ఎందుకు?" అని మీకు అనిపిస్తుంది. నేనూ అదే అడిగాను. రెండూ ఒకే రోజు బిగించినవి, ఒకే లెక్కన వాడినవి. ఒకటి పోయిందంటే రెండోది కూడా త్వరలోనే పోతుంది. అప్పుడు కూలీ మళ్ళీ మొదటినుంచీ ఇవ్వాలి. ఇక్కడ రెండూ మార్చడమే పొదుపు. 20,000 సార్లు పనిచేసే స్ప్రింగులు కూడా దొరుకుతాయి. ధర కాస్త ఎక్కువైనా ఆ ఇంట్లో పదేళ్ళుండాలనుకునేవాళ్ళకి అవే లాభం. రెండేళ్ళలో అమ్మేసే ఇంటికైతే మామూలువి చాలు.

మరి 890 ఎలా అయింది? స్ప్రింగు పేరు చెప్పుకుని వచ్చి మిగతావన్నీ కలపడం వల్ల. కేబుల్ తీగలు పోగులు లేచి ఉంటే మార్చాల్సిందే. ఆ మాటలో మోసం లేదు. రోలర్లు అరిగి గలగలమంటుంటే మార్చడం మంచిదే, కానీ అది ఆ పూటే చెయ్యాల్సిన పని కాదు. డ్రమ్ములు మాత్రం స్ప్రింగంత తొందరగా పాడవవు. "29 డాలర్లకే ఇంటికొచ్చి చూస్తాం" అని ప్రకటనలు వేసేవాళ్ళతో మరీ జాగ్రత్త. ఆ ఇరవై తొమ్మిదీ గుమ్మంలోకి రావడానికే. "జీవితకాలం గ్యారంటీ" అన్నా, ఆ మాట స్ప్రింగుకేనా, మళ్ళీ వచ్చి బిగించే కూలీకి కూడానా అని అడగండి. చాలాచోట్ల కూలీకి ఉండదు.

మనమే బిగించుకుంటే?

మావారు కూడా వీడియోలు చూసి, "జత నూరు డాలర్లకి దొరుకుతోంది, శనివారం నేనే వేసేస్తాను" అన్నారు. అన్నం వడ్డిస్తూనే చెప్పాను, వద్దని. నూరు కిలోల తలుపుని మోసేంత బలం ఆ స్ప్రింగులో బిగించి ఉంటుంది. దాన్ని ఇనప కడ్డీలతో పట్టుకుని, ఒక్కో పావు చుట్టూ తిప్పుతూ బిగించాలి. కడ్డీ జారిందంటే వేళ్ళో, ముంజేయో, మొహమో పోతుంది. పైగా తీగ మందం, చుట్ట లోపలి వెడల్పు, పొడవు, ఎడమవైపుదా కుడివైపుదా, అన్నీ ఆ తలుపు బరువుకి సరిపోవాలి. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి మరి. ఈ ఇంట్లో కుళాయి వాషరు నుంచి పిల్లల సైకిలు దాకా మావారే బాగుచేస్తారు, నేను కాదనను. కానీ 190 డాలర్ల కూలీ మిగల్చడానికి చెయ్యి పణంగా పెట్టడం నాకు నచ్చలేదు. చివరికి ఆయనా సరేనన్నారు.

విరిగిన రోజు ఇంట్లోవాళ్ళు చెయ్యకూడనివి

బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కకండి. మోయలేని బరువు లాగితే మోటారు లోపలి పళ్ళ చక్రం అరిగిపోతుంది. అప్పుడు స్ప్రింగు ఖర్చుకి మోటారు ఖర్చు తోడవుతుంది.

మోటారు పట్టా నుంచి వేలాడే ఎర్ర తాడు చూసే ఉంటారు. కరెంటు పోయినప్పుడు తలుపుని చేత్తో ఎత్తుకోవడానికది. స్ప్రింగు విరిగి, తలుపు తెరిచే ఉండిపోతే ఆ తాడు లాగనే లాగకండి. తలుపు మొత్తం బరువుతో కింద పడుతుంది. ఆ చాయలకి పిల్లల్ని రానివ్వకండి.

"నేలకి దగ్గరగా రెండు వైపులా చిన్న కళ్ళుంటాయి కదా, పిల్లాడు అడ్డొస్తే ఆగిపోతుంది కదా" అంటారేమో. 1993 జనవరి 1 నుంచి ఈ దేశంలో ఇళ్ళ కోసం తయారయ్యే గరాజ్ మోటార్లకి ఇలాంటి రక్షణ ఉండాలని చట్టం. మంచి చట్టమే. కానీ ఆ కళ్ళు ఆపేది మోటారుని. స్ప్రింగు విరిగి పడే తలుపుని కాదు.

ముందు గుమ్మం ఉంది కదా! ఆ పూటకి టాక్సీ పిలవండి, లేదా పక్కింటావిణ్ణి సాయమడగండి. ఇరవై డాలర్ల టాక్సీతో డాక్టరు పని అయిపోతే, మెకానిక్‌ని తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఎక్కువ డబ్బు పోయేది తొందరలోనే.

ఫోన్ చేసే ముందు

అద్దె ఇల్లయితే మీరు పైసా తియ్యకండి. ముందు ఇంటివాళ్ళకి చెప్పండి. సాధారణంగా ఇది వాళ్ళ ఖర్చే. అద్దె కాగితం ఒకసారి చూసుకోండి. సొంత ఇల్లయితే, వాడి అరిగిపోయినవాటికి ఇంటి ఇన్సూరెన్సు మామూలుగా రాదు.

కనీసం ముగ్గురికి ఫోన్ చెయ్యండి. తలుపు వెడల్పు, ఎత్తు, పైన ఎన్ని స్ప్రింగులున్నాయో చెప్పి, ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. రెండు స్ప్రింగులకీ కూలీతో సహా మొత్తం ఎంత? ఎన్ని వేల సార్లకి పనికొచ్చే స్ప్రింగు? గ్యారంటీ కూలీకి కూడా ఉందా? వచ్చి చూసినందుకు వేరే తీసుకుంటారా? "చూశాకే చెబుతాం" అని అంకె చెప్పకుండా దాటవేసేవాళ్ళని వదిలెయ్యండి. వచ్చాక ఇంకేదైనా మార్చాలంటే, ఆ భాగం చేత్తో చూపించమనండి. బిల్లు విడివిడిగా రాయించుకోండి. "ఇవాళ స్ప్రింగులు చాలు, మిగతావి మావారితో మాట్లాడి చెబుతాను" అనడానికి మొహమాటపడకండి. ఇంగ్లీషు అంతంతమాత్రమే అనుకునే అమ్మమ్మలు కూడా ఆ ముక్క అనగలరు.

స్ప్రింగు బాగున్నప్పుడే చూసుకోవాల్సింది కూడా ఒకటుంది. మూడు నాలుగు నెలలకోసారి తలుపు మూసి, ఎర్ర తాడు లాగి, ఇంట్లో మగవాళ్ళ చేత తలుపుని నడుం ఎత్తు దాకా ఎత్తించండి. ఆ ఎత్తులో అది దానంతటది నిలబడాలి. కిందికి జారినా, పైకి ఎగిరినా స్ప్రింగు సరిగా లేదన్నమాట. గరాజ్ తలుపులకని అమ్మే స్ప్రే ఏడాదికి రెండుసార్లు స్ప్రింగు మీద కొడితే తుప్పు పట్టదు.

ఇక గుంటూరు ఆవిడకి నా జవాబు. అమ్మా, మీ పిల్ల చేసింది తప్పు కాదు. డబ్బు ఎక్కువే పోయింది, అది నిజం. కానీ పన్నెండు రోజుల బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, వేళకి డాక్టరు దగ్గరికి చేర్చాలని ఆ అమ్మాయి తనంతట తను ఒక నిర్ణయం తీసుకుంది. ఆ ఇంట్లో అల్లుడుగారూ ఉంటున్నారు. స్ప్రింగుకి ఎంతవుతుందో ఆయనకీ ముందు తెలియదు కదా! తెలిసి ఉంటే ఒక మాట రాసిపెట్టి వెళ్ళేవారు. తెలియని ఖర్చుకి ఒక్కరినే దోషిని చెయ్యడం న్యాయం కాదు. ఈ మాట ఆయనకి మీరు చెప్పలేకపోతే, ఈ పేజీ చింపి పంపండి.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. ఇద్దరూ కూర్చుని నమ్మకమైన మెకానిక్ నెంబరు, తలుపు కొలతలు, స్ప్రింగులు మార్చిన తేదీ ఒక చీటీ మీద రాసి ఫ్రిజ్ మీద అంటించుకోమనండి. ఈసారి ఎవరు ఇంట్లో ఉన్నా ఫోన్ చెయ్యగలుగుతారు.

వచ్చే వారం, అమెరికా చలిలో ఇడ్లీ పిండి పులియడం లేదని రాసిన చెల్లెళ్ళకి జవాబు చెబుతాను. ఉంటాను మరి.