నాలుగేళ్లకి ఇంగ్లీషు చదవకపోతే కొంప మునగదు

అన్నలూ, అక్కలూ, పోస్టు కొంచెం పొడుగు. బ్రేకులోనో బస్సులోనో తీరిగ్గా చదవండి.

ఐర్లండ్‌లో మనవాళ్ల ఇళ్లలో చిన్నపిల్లలు ఉంటే చాలు, ఒకటే బెంగ. "మావాడికి మూడున్నర వచ్చింది, ఇంకా చదవడం రాలేదు." గోడ మీద చార్టు, చేతిలో ఫ్లాష్ కార్డులు, ఫోన్లో ఏబీసీడీ పాటలు. ఊరి నుంచి వీడియో కాల్‌లో "మన పక్కింటి పిల్ల ఎల్‌కేజీలోనే పుస్తకం చదివేస్తోంది" అని వినగానే ఆ రాత్రికి పిల్లాణ్ని కూర్చోబెట్టి "సీ ఏ టీ క్యాట్, క్యాట్ అంటే పిల్లి" మొదలు. వాడు ఏడుస్తాడు, మనం పన్నెండు గంటల డ్యూటీ చేసొచ్చిన ఒళ్లుతో అరుస్తాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. బడికి వెళ్లకముందే ఇంట్లో ఇంగ్లీషు చదవడం నేర్పాలన్న తొందర అక్కర్లేదు. ఆ వయసులో ఇంట్లో పెట్టాల్సిన పెట్టుబడి తెలుగు మాటల మీద, కథల మీద. ఇంగ్లీషు చదవడం బడి నేర్పుతుంది. తెలుగు మాట ఈ దేశంలో మనం తప్ప ఎవరూ ఇవ్వరు.

ముందు ఇక్కడి పద్ధతి చూడండి. ప్రభుత్వం ఇచ్చే ఉచిత ప్రీస్కూల్ స్కీమ్ 2010లో మొదలైంది. ఇప్పుడు రెండేళ్లు ఇస్తున్నారు, రోజుకి 3 గంటలు, వారానికి 5 రోజులు, ఏడాదికి 38 వారాలు. అక్కడ చూసే పద్ధతి పేరు ఆష్టర్, 2009లో వచ్చింది. అందులో ఉన్నది పిల్లల క్షేమం, తాను ఎవరన్న గుర్తింపు, మాట్లాడటం, వెతికి ఆలోచించడం. అందుకే ప్రీస్కూల్‌కి పంపితే "రోజంతా మట్టిలో ఆడిస్తున్నారు, ఏం నేర్పట్లేదు" అనిపిస్తుంది మనకి. చదవడం జూనియర్ ఇన్‌ఫాంట్స్‌లో వరసగా మొదలవుతుంది. పిల్లలు ఎక్కువమంది నాలుగైదేళ్లకి చేరతారు గానీ, చట్టప్రకారం చదువు తప్పనిసరి అయ్యేది ఆరేళ్లకే.

దీనివల్ల వీళ్లేమైనా వెనకబడ్డారా? నాలుగో తరగతి పిల్లల చదివే శక్తిని దేశదేశాల్లో కొలిచే పర్ల్స్ పరీక్షలో 2016లోనూ, 2021లోనూ ఐర్లండ్ ముందు వరసలోనే ఉంది. న్యూజిలాండ్‌లో సెబాస్టియన్ సుగేట్, మరికొందరు చేసి 2013లో అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. ఐదేళ్లకి చదవడం మొదలుపెట్టిన పిల్లల్ని, ఏడేళ్లకి మొదలుపెట్టిన వాళ్లని పోల్చి చూశారు. పదకొండేళ్లు వచ్చేసరికి చదివే వేగంలో తేడా లేదు. అంటే ముందు పరిగెత్తించినందుకు దక్కే లాభం కొన్నాళ్లకే కరిగిపోతోంది.

అసలు చదవడం అంటే రెండు పనులు కలిసినది. అక్షరాన్ని శబ్దంగా మార్చడం ఒకటి, ఆ శబ్దంలో ఉన్న అర్థం పట్టుకోవడం రెండోది. 1986లో గఫ్, టన్మర్ అనే ఇద్దరు దీన్ని గుణకారంలా చెప్పారు. రెండింట్లో ఏది సున్నా అయినా మొత్తం సున్నాయే. మొదటి పనికి బడిలో టీచరు ఉంది. రెండోది పుట్టినప్పటి నుంచి ఇంట్లో విన్న మాటలతో పెరుగుతుంది. అలగడం అంటే ఏంటో, ఆశపడి మోసపోవడం అంటే ఏంటో కాకి, నక్క కథలో తెలుగులో తెలుసుకున్న పిల్లకి ఇంగ్లీషులో కావాల్సింది కొత్త పేరు మాత్రమే. సంగతి ముందే తెలుసు. ఐర్లండ్‌లో పుట్టి టొరంటో యూనివర్సిటీలో పనిచేసిన జిమ్ కమిన్స్ జీవితమంతా చెప్పిన మాట కూడా ఇదే, ఒక భాషలో గట్టిపడిన తెలివి రెండో భాషకి సాయం వస్తుంది.

ఇక్కడే మన ఇళ్లలో పెద్ద నష్టం జరుగుతోంది. పిల్లకి ఇంగ్లీషు త్వరగా రావాలని అమ్మానాన్నా తెలుగు మానేసి ఇంగ్లీషులో మాట్లాడతారు. ఆ ఇంగ్లీషులో ఎన్ని మాటలు ఉంటాయి? కమ్, ఈట్, డోంట్ టచ్, గో స్లీప్. అమ్మ తెలుగులో అయితే వంకాయ గురించి కూడా పది నిమిషాలు కథ చెప్పగలదు. ఆ పది నిమిషాలు పోయి నాలుగు ఆజ్ఞలు మిగులుతున్నాయి.

మాట పోతే ఏమవుతుందో ఈ దేశం కంటే బాగా ఎవరూ చెప్పలేరు. 19వ శతాబ్దంలో ఇక్కడ పిల్లల మెడలో బటా స్కోర్ అని ఒక కర్ర కట్టేవాళ్లు. ఐరిష్ మాట దొర్లినప్పుడల్లా దాని మీద ఒక గాటు, ఆ గాట్లు లెక్కపెట్టి దెబ్బలు. తల్లిదండ్రులు కూడా ఒప్పుకున్నారు. కరువు, వలసలు, ఇంగ్లీషు వస్తేనే బతుకు అనే భయం. మనకున్న భయం లాంటిదే. ఇప్పుడు ప్రభుత్వం ఎంత ఖర్చుపెట్టినా, 2022 సెన్సస్‌లో బడి బయట రోజూ ఐరిష్ మాట్లాడేవాళ్లు 51 లక్షల జనాభాలో సుమారు 72 వేలమందే. ఆ నష్టం తెలిసే ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే ఐరిష్ తల్లిదండ్రులు చాలామంది పిల్లల్ని గేల్‌స్కోయిల్‌లో వేస్తున్నారు, అక్కడ చదువంతా ఐరిష్‌లో.

మరి షిఫ్టుల మధ్య మనం చేయగలిగింది ఏంటి? నాకు తోచినవి చెప్తా.

వండేటప్పుడు పిల్లని పక్కన నిలబెట్టుకుని మాట్లాడండి. పోపులో ఏం వేస్తున్నాం, ఎందుకు చిటపటలాడుతోంది. ఒకరు నైట్, ఒకరు డే చేసే ఇంట్లో కూడా అన్నం తినాలి కదా, ఆ టైమే పాఠం.

పడుకునే ముందు పదిహేను నిమిషాలు ఒక కథ. తెలుగు పుస్తకాలు దొరకవు అంటారు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో బొమ్మలతో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. అమ్మమ్మని వీడియో కాల్‌లో కథ చెప్పమనండి, పిల్ల వింటుంది, ఆమెకీ సంతోషం.

లైబ్రరీ కార్డు తీసుకోండి. సభ్యత్వం ఉచితం, 2019 జనవరి నుంచి ఆలస్యానికి ఫైను కూడా లేదు. బ్లాంచర్డ్స్‌టౌన్, లూకన్, స్వోర్డ్స్, టాలా, అన్నిచోట్లా పిల్లల విభాగం ఉంది. ఇంగ్లీషు బొమ్మల పుస్తకం తెచ్చి, బొమ్మలు చూపిస్తూ తెలుగులో చెప్పండి. తప్పేం లేదు.

అక్షరాలు చూపించాలని ఉంటే పేరు కాకుండా శబ్దం చెప్పండి. బడిలో "ఎస్" అనరు, పాము బుసకొట్టినట్టు "స్‌స్‌" అంటారు. మనం అలవాటు కొద్దీ చివర అచ్చు తగిలించి "స", "ట" అంటే కలిపి చదవడం కష్టమవుతుంది. "క, య, ట" అంటే ఏ పిల్లాడికీ క్యాట్ వినిపించదు.

రెండు ప్రశ్నలు వస్తాయని తెలుసు. వీసా అటూఇటూ అయి ఇండియా వెళ్లిపోవాల్సి వస్తే? అక్కడ కొన్ని బళ్లు నాలుగేళ్ల పిల్లని కూడా చదవమంటాయి, నిజమే. కానీ 2020 జాతీయ విద్యా విధానం కూడా ఒకటో తరగతికి ఆరేళ్లు, అంతకుముందు ఆటపాటలు అనే చెప్తోంది. తెలుగు బాగా వచ్చిన పిల్ల అక్కడ త్వరగా కుదురుకుంటుంది. తెలుగే రాని పిల్లకే అక్కడ అసలు కష్టం.

రెండోది, పిల్లే "ఇదేం అక్షరం" అని అడిగితే? హాయిగా చెప్పండి. దానంతట అది చదివేస్తుంటే ఆపకండి. నేను వద్దంటున్నది బలవంతాన్ని. ఇంకోమాట, రెండేళ్లు దాటినా ఏ భాషలోనూ మాటలు రాకపోతే రెండు భాషలవల్లే అని సర్దిచెప్పుకోకుండా పబ్లిక్ హెల్త్ నర్సుకి చూపించండి.

ఈ రాత్రికి ఫ్లాష్ కార్డులు సొరుగులో పెట్టి, మీ ఊరి చెరువు గురించో, మీ తాతయ్య ఎద్దుల గురించో పిల్లకి ఒక ముచ్చట చెప్పి చూడండి. ఎన్ని ప్రశ్నలు అడిగిందో కింద రాయండి.