నీరటి పేరెవరు వ్రాసికొందురు?

మా సిద్దిపేట ప్రాంతమున చెరువుల క్రింద సేద్యము సాగిన దినములలో, తూము నెంత యెత్తవలెనో, ఏ మడికి ఎంతసేపు నీరు పాఱవలెనో నిర్ణయించువాడు నీరటి. ఒక్క మడి మాత్రమే ఎండుచున్నప్పుడు కాలువ నంతయు దానికే త్రిప్పి, అన్ని మడులును దప్పిగొన్నప్పుడు ఆ నీటినే సన్నని పాయలుగా పంచి, ఉన్న నీటికి మించకుండ పంటను గట్టెక్కించిన ఆతని నేర్పు ఏ ధాన్యపు బస్తామీదను అచ్చుపడలేదు.

ఈ నీరటి నాకు జ్ఞప్తికి వచ్చుటకు కారణము ఒక కంప్యూటరు పరిశోధన వ్యాసము. వరంగల్లు రీజనల్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, మిచిగన్ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, తరువాత సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన మురళి అన్నవరం గారు, ఇంటెల్ పరిశోధనశాలలో నున్నప్పుడు ఇరువురు సహోద్యోగులతో గూడి 2005లో కంప్యూటరు నిర్మాణశాస్త్రపు మహాసభయైన ఐ.ఎస్.సి.ఏ.లో దానిని ప్రకటించిరి. ప్రాసెసర్ల నెన్నింటిని చేర్చినను, పంచుటకు వీలుకాని పనిభాగమే వేగమునకు హద్దు గీయునని 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పియుండగా, అట్టి భాగము నడుచునప్పుడు విద్యుత్తులో సింహభాగమును చిప్పులోని ఒక్క కోరుకే (గణనభాగమునకే) యిచ్చి పరుగెత్తించి, పని పంచబడినప్పుడు ఆ విద్యుత్తునే పెక్కు కోరులకు కొంచెము కొంచెముగా ఈయవలెనని వీరి ప్రతిపాదన. అచ్చముగా నీరటి విద్యయే. 2008లో వచ్చిన కోర్ ఐ7 చిప్పులలోని టర్బో బూస్ట్ ఈ జాతి ఆలోచనయే. నేడు లాప్‌టాపు తెరచి ఒక పెద్ద పట్టికను క్షణములో లెక్కగట్టించు గుమాస్తా ఆ వ్యాసమును ఉల్లేఖింపడు. ఉల్లేఖింపవలసిన పనియు ఆతనికి లేదు.

కంప్యూటరు నిర్మాణశాస్త్రమున భావము సిలికానులో ఇంకిపోవును. అట్లు ఇంకిపోయిన దానిని సైటేషన్ల లెక్క పట్టుకొనలేదు. మఱియొక తెలుగు ఇంటిపేరు, కొసరాజు సాంబశివరావుగారిది, ఇంతకన్న విచిత్రమైన సాక్ష్యము. ఏ యూరినుండి ఏ యూరికైనను పోయి మరల రాగల ఊళ్ల గుంపులను దారుల జాలములో వెదకి తీయు ఉపాయమును ఆయన 1978లో కనిపెట్టియు ప్రకటింపనే లేదు. మీకా షారిర్ స్వతంత్రముగా కనుగొని 1981లో అచ్చువేసెను. అయినను తరగతి గదులలో అది నేటికిని కొసరాజు పేరిటనే బోధింపబడుచున్నది. అచ్చుకాని వ్యాసమునకు సూచికలో విలువ సున్న!

సూచికయన, భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో కల్పించిన కొలబద్ద: ఇరువది వ్యాసములు ఒక్కొక్కటి ఇరువదిసార్లకు తక్కువగాక ఉల్లేఖింపబడిన పండితునికి 20. ఈ లెక్కలు వట్టి వ్యర్థములని నేననను. 1964లో యూజీన్ గార్‌ఫీల్డు సైటేషన్ సూచికను వెలువరించినప్పుడు, ఒక వ్యాసముపై ఎవరెవరు కట్టడము కట్టిరో జాడ పట్టి చదువుకొనుటకు అది దారిదీపము. ఆ దీపమును త్రాసుగా మార్చుకొన్నది మనము.

మా పట్టణమున నాకు పరిచితుడైన యొక యువ అధ్యాపకుడు, ఏటేట వ్యాసముల సంఖ్య చూపక తప్పనందున ఒకే ప్రయోగమును మూడు తునుకలుగా కోసి మూడు పత్రికలకు పంపితిననియు, అందొకదానికి రొక్కము సైతము చెల్లించితిననియు తలవంచుకొని చెప్పెను. ఆతనిని నిందించుటకు నాకు నోరు రాలేదు. సిద్ధాంతవ్యాసము సమర్పింపక మునుపే పత్రికలో ఒక వ్యాసమైనను అచ్చుకావలెనని 2009లో విధించిన యు.జి.సి., 2022లో తానే ఆ నిర్బంధమును తొలగించినది. కాని నియామక సంఘములలో వ్రేళ్లమీది లెక్క ఇంకను పోలేదు. పైగా కంప్యూటరు నిర్మాణశాస్త్రమున కఠిన పరీక్ష జరుగునది పత్రికలలో కంటె మహాసభలలో. ఆ ఐ.ఎస్.సి.ఏ.యే తన ప్రభావశీల వ్యాస పురస్కారమునకు పదునైదేండ్లు వేచియుండును. మనవారు మూడేండ్ల పట్టికతో ముగింతురు.

నా కోరిక చిన్నది. అభ్యర్థి తన వ్యాసములలో మేలైనదానిని ఒక్కదానిని ఎంచి యిచ్చును గాక. సంఘమున ఇద్దరైనను దానిని ముందుగా చదివి రండు. ఆతనిని నల్లబల్ల యొద్ద నిలిపి, ఈ యుపాయము లేకున్న ఏమి చెడెడిదని అడుగుడు. ఒక వ్యాసము చదువుటకు ఒక పూట చాలును.