సరుకెవరికి అమ్మాలి?

"చదువుకుంటూనే ఆన్‌లైన్ వ్యాపారం చెయ్యండి, ఫోనుంటే చాలు" అని మా హాస్టలు పిల్లలకు నీతులు చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. వ్యాపారమంటే మాకేం సిగ్గు లేదు. కానీ అమ్మేదెవరికో చెప్పండి! షావుకారి కొడుకు లింకు పెడితే కొనే చుట్టాలుంటారు, సరుకు తిరిగొస్తే భరించే కొట్టుంటుంది. మావాడి ఫోన్లో నంబర్లన్నీ కూలికెళ్లే మా వాడవాళ్లవే. అంబేద్కరంతటివాడు బొంబాయిలో పెట్టుబడి సలహాల సంస్థ పెడితే కులం తెలిసి ఖాతాదారులు జారుకున్నారు. డిగ్రీలు చాలకనా?

ఇక గొలుసుకట్టు మార్కెటింగు. మనీ సర్క్యులేషన్ స్కీములను 1978 చట్టమే నిషేధించింది, పిరమిడ్ పథకాలు కూడదని 2021 నియమాలూ చెప్పాయి. అయినా 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మంటల్లో ఊపిరాడక పోయింది ఎవరు? వరంగల్, ఖమ్మం వైపు ఊళ్లనుంచి కొలువుకొచ్చిన ఆరుగురు పిల్లలు. లక్షలు కట్టించుకుని చేర్చుకున్నారని కన్నవాళ్లే మొత్తుకున్నారు.

2025 నవంబరులో ఫీజు బకాయిల కోసం తెలంగాణలో ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టాయి. రాత్రి రెండింటిదాకా ఆర్డర్లు చూసుకుని పొద్దున క్లాసులో కునికే పిల్లాణ్ణి సోమరి అనకండి. సర్కారు ఎగ్గొట్టిన ఫీజును వాడు నిద్ర అమ్ముకుని కడుతున్నాడు. ముందు ఆ బాకీ తీర్చండి. వ్యాపారమంటారా, సెలవుల్లో మావాళ్లే చేసుకుంటారు.