ముందు ఆడుకోనిద్దాం, పలక తర్వాత ఇద్దాం



వచ్చే కార్యవర్గ సమావేశంలో మన ఆదివారం తెలుగు తరగతి విషయం చర్చకు వస్తోంది. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు విడిగా ఒక విభాగం పెట్టాలన్న ఆలోచన చాలా మంచిది. కానీ అందులో ఏం చేయాలన్న దగ్గరే నాకు పేచీ. నెలకు ఇన్ని అక్షరాలు, ఏడాది చివర చేతిరాత పోటీ, ఉగాది నాడు వేదిక మీద బహుమతులు అన్నది ఇప్పుడున్న ప్రతిపాదన. ఈ వయసు పిల్లలకు ఇది తగదని, ఆ గంటన్నరా తెలుగులో ఆడుకోవడానికే ఇవ్వాలని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

బాగా నడిచే బాలవాడి ఒకదానికి వెళ్లి ఓ మూల కూర్చుంటే, మొదట మనకు కనిపించేది అల్లరే. ఒకడు మట్టి పిసుకుతుంటాడు. ఇంకొకతె పూసలు గుచ్చుతుంటుంది. ఇద్దరు కాగితాలు చించి అతికిస్తుంటారు. చదువెక్కడుంది అనిపిస్తుంది. ఆ పిసకడంలో, గుచ్చడంలోనే వేళ్లకు బలం వస్తుంది. మన తెలుగు అక్షరాలన్నీ వంపులు, సున్నాలు, మెలికలు. వేళ్లు కుదురుకోని మూడేళ్ల పిల్ల చేత 'అ' దిద్దిస్తే వేలు నొప్పి పుడుతుంది, గీత వంకర పోతుంది, తిట్లు పడతాయి. ఆ పిల్లకు తెలుగుతో మొదటి పరిచయం అదే అవుతుంది.

లెక్కలూ అంతే. ఇరవై దాకా గడగడా ఒప్పజెప్పే పిల్లవాడి ముందు ఏడు చింతగింజలు పెట్టి లెక్కపెట్టమనండి. ఒకే గింజను రెండుసార్లు ముట్టుకుని ఎనిమిది అంటాడు. నోటికి వచ్చిన అంకె వేరు, చేతికి తెలిసిన అంకె వేరు. ఒక గింజకు ఒక అంకె అన్న సంగతి వాడికి వామనగుంటల పీట దగ్గర తెలుస్తుంది. గుంటకు ఒక్కటే వేయాలి, ఎక్కువ వేస్తే ఎదుటివాడు ఊరుకోడు. ఆ ఆటలో ఇంకో లాభమూ ఉంది. తమిళులు దాన్ని పల్లాంగుళి అంటారు, కన్నడిగులు చెన్నెమణె అంటారు. పక్కింటి పిల్లలను కూడా కూర్చోబెట్టవచ్చు. మన తెలుగు అంకెలూ లెక్కకు అనువైనవి. ఇరవై మూడు అంటే ఇరవై, దాని పైన మూడు. అంతే. ఇంగ్లీషులో థర్టీన్‌కీ థర్టీకీ తేడా వినబడక తికమకపడే పిల్లలను మనందరం చూశాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తెలుగులో 'మనం' వేరు, 'మేము' వేరు. "మనం ఆడుకుందాం" అంటే నువ్వూ రా అని. "మేము ఆడుకుంటాం" అంటే నువ్వొద్దు అని. తమిళంలో కూడా నామ, నాంగ అని ఈ తేడా ఉంది. కన్నడంలో ఇప్పుడు రెండింటికీ 'నావు' ఒక్కటే, ఇంగ్లీషులో 'వి' ఒక్కటే. ఈ తేడాను మూడేళ్ల పిల్లకు పాఠంగా ఎవరు చెప్పగలరు? ఆటలో ఒక్కసారి "మేము" అనిపించుకుని పక్కన నిలబడితే చాలు, జన్మలో మరిచిపోదు. అలాగే బొమ్మల పెళ్లి ఆడితే పిన్ని, పెద్దమ్మ, అత్త, మేనమామ అందరూ వస్తారు. ఎవరు ఏమవుతారో అక్కడే తెలుస్తుంది. 'ఆంటీ, అంకుల్'లతో ఆ పెళ్లి జరగదు.

మన హోసూరు ప్రాంతంలో ఇదెందుకు మరీ ముఖ్యమో చూడండి. 2006–07 నుంచి తమిళనాడులో ఒకటో తరగతి మొదలుకొని ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి చేశారు. ఉన్న రాష్ట్రం భాష నేర్చుకోవాల్సిందే, మన పిల్లలు బాగా నేర్చుకోవాలి కూడా. ఇంగ్లీషు ఎలాగూ వదలదు. అంటే ఒకటో తరగతిలో చేరాక తెలుగుకు మిగిలే చోటు తక్కువ. అంతకు ముందున్న రెండు మూడేళ్లే మన చేతిలో ఉన్నవి. వాటిని పలక మీద ఖర్చు పెడదామా?

మన ఇళ్లలో పిల్లలకు వినిపించే తెలుగు ఏమిటో ఒక రోజంతా గమనించండి. రా, తిను, స్నానం చెయ్, పడుకో, ఫోన్ పెట్టెయ్. అన్నీ హుకుములే. అదే పిల్ల తోటి పిల్లలతో ఆడేటప్పుడు "మై టర్న్", "యూ ఆర్ ఔట్" అంటుంది. అవ్వతో తెలుగు, స్నేహితులతో ఇంగ్లీషు. పెద్దవాళ్లతో మాత్రమే మాట్లాడే భాష పెద్దవాళ్లతోనే పోతుంది. పోట్లాడుకోవడానికి, బతిమాలుకోవడానికి, వంతు అడగడానికి, గొప్పలు చెప్పుకోవడానికి పనికొస్తేనే అది పిల్లల భాష అవుతుంది.

ఇది నేను కొత్తగా చెప్తున్నది కాదు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లోనే ఆటే చదువుగా చిన్నపిల్లల బడి పెట్టాడు. కిండర్‌గార్టెన్ అన్న మాట ఆయన పెట్టినదే. గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో గుజరాతీ పిల్లల కోసం బాలమందిరం నడిపారు. మరియా మాంటిస్సోరి 1939లో మన మద్రాసు అడయారుకే వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆవిడ అక్షరాలు వద్దనలేదు. గరుకు కాగితంతో చేసిన అక్షరాన్ని ముందు వేలితో తడమనిచ్చి, ఆ తర్వాతే రాత అన్నారు. మన తెలుగువాళ్లూ తక్కువేం కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు 1945లో 'బాల' పత్రిక తెచ్చింది మద్రాసు నుంచే. తెలుగు పిల్లల సరదాకు పెద్ద పీట వేసిన ఊరు మన రాష్ట్రంలోదే.

"ఆట ఇంట్లోనూ ఆడతారు కదా, దానికి సంఘం ఎందుకు?" అని ఒకరు అడిగారు. అపార్ట్‌మెంట్‌లో ఒక్క బిడ్డ, ఒక్క ఫోను ఉన్నచోట ఆట ఎవరితో? తెలుగు మాట్లాడే పదిమంది పిల్లలను ఒకచోట చేర్చగలిగింది సంఘమే. "తల్లిదండ్రులకు చూపించడానికి ఏముంటుంది?" అన్నది ఇంకో ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్నే. నోటుబుక్కు ఉండదు, నిజమే. ఆరు నెలల తర్వాత మీ అమ్మాయి తనంతట తానే ఒక కథ తెలుగులో చెప్తే అది చూపించదగ్గది కాదా? ఇక అక్షరాలను దాచిపెట్టమని నేననడం లేదు. సంచుల మీద పిల్లల పేర్లు తెలుగులో రాద్దాం, బొమ్మల పుస్తకాలు అందేలా పెడదాం. అడిగిన పిల్లకు చెప్దాం. దిద్దించడం ఐదు నిండాక మొదలుపెడదాం.

ఖర్చు కూడా పెద్దది కాదు. రెండు వామనగుంటల పీటలు, గవ్వలు, బంకమట్టి, కొబ్బరి చిప్పలు, పాత చీరలు, కొన్ని కథల పుస్తకాలు. ఒక్క జాగ్రత్త. చిన్నపిల్లలు గింజలను నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. నాలుగేళ్ల లోపువాళ్లకు గింజలు, గవ్వలు, పూసలు ఇవ్వొద్దు, పెద్ద వస్తువులే ఇవ్వాలి. మిగతావాళ్ల దగ్గర కూడా ఒక పెద్ద మనిషి కదలకుండా కూర్చోవాలి. పదిహేను మంది పిల్లలకు కనీసం ఇద్దరు ఉండాలి.

ఆ ఇద్దరూ మన ఇళ్లలోని అవ్వలైతే మరీ మంచిది. "నాకు పుస్తకాల తెలుగు రాదు నాయనా" అని వాళ్లు వెనకాడతారు. "ఏమిరా చేస్తా ఉండావు" అని మన అవ్వ అడిగేదే మన తెలుగు. టీవీ తెలుగులా లేదని దాన్ని దిద్దడానికి ఎవరూ పూనుకోవద్దు. తరాలుగా ఈ నేల మీద నిలిచినది ఆ యాసే.

కాబట్టి సమావేశంలో నేను కోరబోయేది ఇంతే. చేతిరాత పోటీకి అనుకున్న డబ్బును ఈ ఏడాదికి ఆట సామాన్లకు మళ్లించండి. ఆరు నెలలు చూద్దాం. పిల్లలు తమలో తాము తెలుగులో మాట్లాడుకుంటున్నారా లేదా అన్నదే కొలత. లేదంటే పలకలు తెద్దాం, నేనే మోసుకొస్తాను. ఈలోగా మీ ఇంట్లో వామనగుంటల పీట అటక మీద ఉంటే దించి తుడిచి పెట్టండి. వారానికి ఒక గంటన్నర రాగల అవ్వలు, తాతలు ఎవరున్నారో పేర్లు చెప్పండి. ఒప్పుకోనివాళ్లు కూడా సమావేశానికి తప్పక రండి, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.