అరకులోయకు రెండు నెలలేనా?

విశాఖపట్టణమున కిరండూలు రైలు నెక్కి, కొత్తవలస, శృంగవరపుకోటలు దాటి, సొరంగము వెంబడి సొరంగము గడచి, బొర్రా గుహలు చూచి, అరకు చేరి, పసుపుపచ్చని వలిసెచేలలో నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొని, చాపరాయి నీటిలో కాళ్లు తడుపుకొని, చీకటిపడులోపల ఘాటురోడ్డున దిగివచ్చుట మన ప్రాంతపు ఉన్నత పాఠశాలలకు అలవాటైన విహారయాత్ర. ఏటేట శీతకాలపు రెండు నెలలలో నేదో యొక దినమున ఇది జరుగుచున్నది. యాత్ర ముగిసిన వారమునకే మా పత్రికకు వ్యాసములు వచ్చుచుండును. అరకు ఆంధ్రుల ఊటీ యనియు, భూతలస్వర్గమనియు, అచ్చటివారు లోకమెఱుగని అమాయకులనియు వానిలో వ్రాసియుండును. వ్రాసిన పిల్లలపై మాకు కోపము లేదు. ఒక పూట చూచి వచ్చినవారు ఇంతకంటె నేమి వ్రాయగలరు? అయినను ఆ యాత్రను నిర్ణయించు పెద్దలకు మేమొక మనవి చేయదలచితిమి. చూడవచ్చువారి ఋతువు వేఱు, లోయవారి ఋతువులు వేఱు. మన పిల్లలకు మొదటిదానిని చూపి, రెండవదానిని మఱుగుపఱచుచున్నాము.

సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున, తూర్పుకనుమల నడుమ నున్న యీ లోయ 2022వ సంవత్సరమునుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరియున్నది. బగతలు, వాల్మీకులు, కొండదొరలు, కోటియాలు, పోర్జలు, గదబలు మున్నగు ఆదివాసులు ఈ కొండలలో నివసించుచున్నారు. వారి సంవత్సరము చైత్రమున ఇటుకల పండుగతో కళకట్టును. విత్తనములను గ్రామదేవత యెదుట నుంచి పూజించి, ఆ పిమ్మటనే విత్తుటకు పూనుకొందురు. పురుషులు వేటకు పోవుదురు. స్త్రీలు రోడ్డున కడ్డముగా వెదురుకఱ్ఱ పట్టి, వచ్చిపోవు బండ్లనాపి, పండుగ మామూలు పుచ్చుకొని గాని వదలరు. మనలో కొందఱు దీనిని దారిదోపిడి యని విసుగుకొందురు. సంక్రాంతికి మన వాకిట గంగిరెద్దులవాడు నిలిచినపుడు మనమట్లనుకొందుమా?

వేసవి వానలు రెండు పడినంతనే కాఫీతోటలు తెల్లగా పూయును. ఆ పరిమళము మల్లెలను తలపించును. పూలు కొలదిదినములకంటె నిలువవు గనుక వానిని చూచిన యాత్రికులు మిక్కిలి అరుదు. చింతపండు రాల్చి పిక్క తీయుట, అడ్డాకులు కోసి తెచ్చుట, కొండచీపుళ్లు కట్టలు కట్టుట మొదలగు పనులన్నియు ఎండలతోపాటు సాగుచుండును.

వానకాలమును గూర్చి కొంచెము విస్తరింపవలసియున్నది. ఏలయనగా మాకు వచ్చిన వ్యాసములలో దాని ప్రసక్తియే లేదు. జూను మాసము మొదలు కొండవాలులలో చోళ్లు, సామలు, కొఱ్ఱలు, కందులు విత్తుదురు. లోయ అడుగున గెడ్డనీటిని మళ్లించి, మెట్లు మెట్లుగా తీర్చిన మళ్లలో వరి నాటుదురు. కంటికి ఇది శీతకాలముకంటె అందమైన కాలమే. కాని ఇంటిలో గింజ తఱిగియుండు కాలమును, చలిజ్వరములు ముదురు కాలమును, గెడ్డలు పొంగి దారులు తెగు కాలమును ఇదియే. రోడ్డు పడని కొండశిఖర గ్రామములలో ప్రసవవేదన పడు స్త్రీని దుప్పటితో డోలీ కట్టి, ముందొకరు వెనుకనొకరు భుజములపై మోసికొని, బురదలో మైళ్లకొలది నడచి, అంబులెన్సు రాగల తావునకు చేర్చుట వార్తాపత్రికలలో మనము నేటికిని చదువుచున్న సంగతి. డోలీ మోయువారికి ఏటవాలు కంటె వంతెనలేని గెడ్డయే ఎక్కువ భయము. నీరు తీయువఱకు రోగితోకూడ ఒడ్డున కూర్చుండవలసినదే గదా! మంచు చూచుటకు మనము పోవునాటికి అట్టి గెడ్డ చీలమండ తడియని పిల్లకాలువయై యుండును. దానిలో మన పిల్లలు గులకఱాళ్లు ఏఱుకొందురు.

వానలు వెనుకబట్టగా సామకొత్త, కొఱ్ఱకొత్త మున్నగు పండుగలు వచ్చును. దేవతకు పెట్టి గాని క్రొత్తగింజ నోటబెట్టరు. మందిరమున కోతపండుగనాడు బియ్యపుమూటలు, గుమ్మడికాయలు తెచ్చి బల్లపై నుంచు మనవారికి ఇందలి భావము వేఱుగ వివరింపనక్కఱలేదు.

అటుపిమ్మట వలిసె పూయును. మన ఋతువును వారి ఋతువును ఇక్కడ కలిసికొనును. తగవును ఇక్కడనే పుట్టును. వలిసె పూలతోట కాదు, నూనెగింజల పైరు. పూవు మీద తేనెటీగ వ్రాలవలయును, గింజ కట్టవలయును, ఆ సన్నని నల్లగింజలను నూర్చి అమ్మినగాని రైతునకు డబ్బు రాదు. నలువదిమంది పిల్లలు చేనిలో దూఱి పది నిమిషములు నిలిచినచో ఆ మేర పైరు మఱి లేవదు. అందుచేత రైతులు కొందఱు గట్టున కూర్చుండి, ఛాయాచిత్రమునకు మనిషికింతయని పుచ్చుకొనుచున్నారు. చేనిలో నిలిచినందుకు సుంకమా యని మన ఉపాధ్యాయమిత్రులే సణుగుట మేము వినియున్నాము. మా అభిప్రాయము దీనికి విరుద్ధము. ఆ సొమ్ము న్యాయమైనది. బొర్రా గుహలయొద్ద చీటి కొనునపుడు మనము బేరమాడుట లేదు. ఆ గుహను ఎవరును దున్నలేదు, విత్తలేదు. దున్ని విత్తినవాడు చేయిచాచినపుడు మాత్రము మనకు పొదుపు జ్ఞప్తికి వచ్చుచున్నది! ఈ ఖర్చును యాత్రాలెక్కలలో రైలుచార్జీల ప్రక్కనే ముందుగా వ్రాసికొనుట ఉచితము.

ఇక కాఫీ. నవంబరు మొదలు పండ్లు ఎఱ్ఱబడును. ఒక కొమ్మమీది పండ్లన్నియు ఒక్కసారి పండవు గనుక, ఒక్కొక్క చెట్టుకడకు పలుమాఱులు పోయి పండినవానినే ఏఱవలయును. పచ్చికాయ కలిసినచో సరకు గుణము చెడును, ధర తగ్గును. సిల్వరోకు చెట్ల నీడను కాఫీ, ఆ మ్రాకులమీదికే ప్రాకించిన మిరియపుతీగెలు: ఒక్క నేలనుండి రెండు రాబడులు. 2017లో పారిస్ నగరమున అరకు పేర కాఫీ దుకాణము వెలసినది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ కాఫీని, అటవీ ఫలసాయములను కొనుచున్నది. ఏ వాలున ఏ గింజ పండునో, ఏ నీడను ఏ చెట్టు కాయునో, ఏ వర్తకుని త్రాసు ఎటు మొగ్గునో ఎఱిగి సంసారము నడుపుకొనువారిని అమాయకులనుట మాకు సమ్మతము కాదు. వారు అమాయకులైనచో మార్కెటులో టమాట ధర తెలియక పోయి వచ్చు మనలను ఏమనవలయును?

బొర్రా పరిసరములలో సున్నపురాతి జాతి ఖనిజములకై బయటివారికి కౌలులీయగా, ఆదివాసుల పక్షమున వ్యాజ్యము నడచినది. అది సర్వోన్నత న్యాయస్థానమునకు పోగా, షెడ్యూల్డు ప్రాంతములలోని ప్రభుత్వభూమిని గిరిజనేతరులకు గనుల కౌలున కీయరాదని 1997లో తీర్పు వచ్చినది. సమతా తీర్పు అను పేర అది దేశమంతట ప్రసిద్ధము. గుహలో దీపము చూపు మార్గదర్శి శివలింగమును, ఆవుపొదుగును పోలిన రాళ్లనే చూపును. పైనున్న కొండ ఎట్లు నిలిచినదో చెప్పుట చరిత్రోపాధ్యాయుని పని. మనమెక్కిపోవు రైలుదారియు విహారమునకై వేసినది కాదు. బైలదిల్లా ఇనుపఖనిజమును విశాఖరేవునకు దింపి జపానునకు పంపుటకై 1960వ దశకమున వేసినది. అద్దముల పెట్టె 2017లో తగిలించినది. సొరంగములలో కేకలు వేయుటకు ముందు ఈ రెండు ముక్కలు పిల్లలకు చెప్పినచో నష్టమేమి?

విడుదులయొద్ద డబ్బిచ్చి ఆడించు ధింసాను మేము తప్పుపట్టము. అదియు నొక జీవనోపాధి. మోరి, కిరిడి, తుడుము, జోడుకొమ్ములు మ్రోగుచుండగా ఒకరి నడుమొకరు పట్టుకొని అడుగులు వేయు ఆ స్త్రీల నడుమ మనవారు దూఱి గంతులు వేసి నవ్వులాడుటనే మానవలయును.

వచ్చు సంవత్సరపు యాత్రను గూర్చి మా సూచన యిది. ఒక్కనాటి పరుగును మాని రెండు దినములు ఉండవలయును. ఆ రెండింటిలో నొకటి సంతదినమైనచో, మన పిల్లలు అల్లము, పసుపు, రాజ్మా గింజలు అమ్మకమునకు దిగుటయు, తూకమగుటయు కన్నులార చూడగలరు. అచ్చటి ఆశ్రమపాఠశాల నొకదానిని ముందుగా అర్థించి, ఒక సాయంకాలము ఆ విద్యార్థులతో గడపుట మంచిది. వారిలో నెవరైనను శ్రావణమాసమున తమ యూరెట్లుండునో, బడికెట్లు వచ్చుచుందురో వ్రాసి యిచ్చినచో, పై సంచిక మొదటి పుటలను ఆ వ్యాసమునకే కేటాయింప సిద్ధముగా నున్నాము.