కొడుకు పేరు సోమలింగం

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను మనవాళ్ళు ఆశపోతుల మీద ప్రయోగిస్తూ వచ్చారు. అమెరికా అధ్యక్ష ఎన్నికల వార్తలు చదివేవారికి మాత్రం దాన్ని కాస్త సవరించుకోవాలనిపిస్తుంది. అక్కడ పేరు ముందుగా పెట్టినందువల్లనే సోమలింగం అప్పుడప్పుడు పుడుతూ ఉంటాడు!

అసలు ఎన్నిక నవంబరులో. కాని ఏ పార్టీ తరఫున ఎవరు నిలబడాలన్న పోటీ ఆ ఏడు మొదట్లోనే రాష్ట్రాలవారీగా మొదలవుతుంది. కొన్నిచోట్ల మామూలుగా ఓట్లు వేస్తారు, అది ప్రైమరీ. కొన్నిచోట్ల ఇరుగుపొరుగువారు ఏ బడిలోనో, చర్చి హాలులోనో చేరి తమ మొగ్గు ఎటో చెబుతారు, అది కాకస్. చాలాకాలం అయొవా కాకస్, న్యూహాంప్‌షైర్ ప్రైమరీ ముందుగా జరుగుతూ వచ్చాయి. జనం తక్కువైన రాష్ట్రాలే. అయినా విలేఖరుల మకాం అంతా అక్కడే.

1976 సంగతి చూడండి. జార్జియా మాజీ గవర్నరు జిమ్మీ కార్టర్ వేరుసెనగ వ్యాపారం చేసుకునే ఆసామి. పోటీ చేస్తానన్నప్పుడు “ఏ జిమ్మీ?” అన్నారు జనం. ఆయన అయొవాలో ఊరూరా తిరిగాడు. అభిమానుల ఇళ్ళలో బస చేశాడు. 1975 అక్టోబరులో ఏమ్స్ అనే ఊళ్ళో పార్టీ విందు జరిగితే, వచ్చినవారి అభిప్రాయం లెక్కపెట్టారు. కార్టర్ మనుషులు ముందే జాగ్రత్తపడి తమవారిని దండిగా చేర్చారు. ఇంకేం, మొదటి స్థానం ఆయనదే. కార్టర్ ముందంజలో ఉన్నాడని న్యూయార్క్ టైమ్స్ వెంటనే రాసింది.

1976 జనవరి 19న అసలు కాకస్ జరిగింది. నూటికి 37 పాళ్ళు “ఇంకా ఎవరికీ కట్టుబడలేదు” అన్నవారివి. కార్టర్‌కు వచ్చినవి 28 లోపు. లెక్కప్రకారం గెలిచినవాడు ‘ఎవరూ కాదు’. కాని ‘ఎవరూ కాదు’ ఫొటో పత్రికలో వేయలేరు గదా! కార్టరే విజేత అయినాడు. ఆ రాత్రి ఆయన అయొవాలో లేనే లేడు. తెల్లవారగానే టెలివిజనులో కనబడడానికి న్యూయార్కులో ఉన్నాడు. ఫిబ్రవరిలో న్యూహాంప్‌షైర్ గెలిచాడు. నవంబరులో దేశాన్నే గెలిచాడు.

1984లో ఇంకొక వింత. అయొవాలో వాల్టర్ మాండేల్‌కు నూటికి 49 వచ్చాయి, గేరీ హార్ట్‌కు 17 కూడా రాలేదు. మాండేల్ గెలుస్తాడని అందరికీ తెలుసు. తెలిసింది వార్త ఎలా అవుతుంది? అందుకని కబుర్లన్నీ హార్ట్ చుట్టూ తిరిగాయి. ఎనిమిది రోజులకు న్యూహాంప్‌షైర్‌లో హార్ట్ నిజంగానే మాండేల్‌ను ఓడించాడు. పార్టీ టిక్కెట్టు మాత్రం చివరికి మాండేల్‌కే దక్కింది.

నేను క్లాసులో చెప్పే అలంకారాల్లో ఉత్ప్రేక్ష ఒకటి. ఒకదాన్ని మరొకటేమోనని ఊహించడం. అది ఊహేనని కవికీ తెలుసు, చదివేవాడికీ తెలుసు. పత్రికల ఉత్ప్రేక్ష తీరు వేరు. సోమవారంనాడు “గట్టివాడేమో” అంటారు. బుధవారానికి “గట్టివాడట” అవుతుంది. ఆదివారానికి “గట్టివాడు” అని తేలిపోతుంది. మధ్యలో ‘ఏమో’ ఎక్కడ జారిపోయిందో ఎవరూ వెతకరు.

ఆ జారిపోయిన దానికి జరిమానా కట్టేది ఎవరు? హోవర్డ్ డీన్‌ను అడగాలి. 2003 ఆగస్టులో టైమ్, న్యూస్‌వీక్ రెండూ ఒకే వారం ఆయన బొమ్మను అట్టమీద వేశాయి. అప్పటికి ఒక్క ఓటూ పడలేదు. 2004 జనవరి 19న అయొవాలో ఆయనకు వచ్చింది మూడోస్థానం, నూటికి 18. డీలాపడిన కార్యకర్తలను ఉత్సాహపరచడానికి ఆ రాత్రి ఆయన ఒక కేక వేశాడు. హాలులో జనం హోరు ఆయన మైకులో పడలేదు. ఒక్కడి కేకే దేశమంతా వినబడింది. టెలివిజన్లు దాన్ని రోజుల తరబడి మళ్ళీ మళ్ళీ వినిపించాయి. అంచనా వేసినవారు పత్రికలవారు. అది తప్పితే నవ్వులపాలైనది అభ్యర్థి. ఇరాక్ యుద్ధం ఎందుకని ఆయన అడుగుతూ వచ్చిన ప్రశ్నకు ఆ కేక జవాబు కాదు. మార్చి మొదటి వారానికల్లా జాన్ కెర్రీకి గట్టి పోటీ లేకుండా పోయింది. తరువాత ఓటు వేయవలసిన రాష్ట్రాలవారికి ఓటు మిగిలింది గాని, ఎంచుకోవడానికి మనిషి మిగలలేదు.

అలాగని ముందుగా పేరు పెట్టడమే తప్పని నేననను. పత్రికలే లేకపోతే ఆ వేరుసెనగ ఆసామి మొహం ఎవరు చూసేవారు? డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళే ఎప్పటికీ ముందుండేవారు. నేను చెప్పవచ్చినదల్లా, “ఫలానావాడు పైకి వస్తున్నాడు” అన్న వార్త కంటబడితే రెండు ప్రశ్నలు వేసుకోమని. వాళ్ళు లెక్కపెట్టింది ఏమిటి: పడిన ఓట్లా, విందుకు వచ్చిన మనుషులా, విలేఖరిగారి అంచనాయా? పైకి వచ్చి అతడు ఏం చేస్తానంటున్నాడు? ఈ రెంటికీ జవాబు ఆ వార్తలో దొరక్కపోతే, జారిపోయిన ‘ఏమో’ను మీరే మళ్ళీ తగిలించి చదువుకోండి.